మల్లజెప్పు సారు

ఫోను చేసింది రాములు. నాగర్‌కర్నూలు దిక్కు పల్లె నుంచి వచ్చినవాడు. ఆ ఊరికి ఇప్పటికీ రైలు లేదు. రైలెక్కకుండానే రైల్వేలో చేరి, రిటైరయ్యేదాకా నాతోపాటు గద్వాల పక్కన ఒకే చిన్న స్టేషన్లో పాయింట్స్‌మన్‌గా పట్టాలు మార్చినవాడు. ముందుమాటలు తెలియని మనిషి.

"అన్నా, సారు పోయిండు. గద్వాలల. ఇయ్యాల పొద్దుగాల."

"సారు పోయిండు. గద్వాలల. ఇయ్యాల పొద్దుగాల," అన్నాను.

"ఆఁ, కరెక్టే," అన్నాడు రాములు.

వెనక నుంచి వాళ్లావిడ కేక వినిపించింది. "సావు ముచ్చట గూడ అప్పజెప్పుకుంటరా? మీ రైలు పాడుగాను!"

ఆమె తప్పేం లేదు. చావు కబురు వింటే ఎవరైనా అయ్యో అంటారు. మేమిద్దరం ముసలివాళ్లమయ్యాం, ఉద్యోగాలు వదిలి ఏళ్లు గడిచాయి. అయినా విన్న మాటను విన్నట్టు తిరిగి చెప్పి, అవతలివాడు 'కరెక్టే' అన్న తర్వాతగానీ నమ్మలేం. మాకు ఆ రోగం అంటించినవాడే ఆ పొద్దున పోయినవాడు.

ఆయన పేరు రాయను. రాసినా మా దిక్కు స్టేషన్లలో ఎవరూ పోల్చుకోరు. గద్వాల నుంచి వనపర్తి రోడ్డు దాకా, అటు కన్నడ పల్లెల దాకా ఆయనకు ఒకటే పేరు, మల్లజెప్పు సారు. గ్యాంగు మనుషులు పెట్టిన పేరు. ఆయన జీపు దూరంగా దుమ్ము లేపుకుంటూ కనిపిస్తే చాలు, "మల్లజెప్పు వస్తుండు, నోళ్లు కడుక్కోండ్రి" అనేవాళ్లు. ఒకసారి ఒక కుర్ర గ్యాంగుమన్ నోరు జారి ఆయన వినేలా ఆ మాట అన్నాడు. ఆయన ఆగి, వాడి ముందుకొచ్చి నిలబడి, "ఏమన్నవ్? మల్ల జెప్పు" అన్నాడు. వాడు మళ్లీ అన్నాడు. "కరెక్ట్. ఒక్క అక్షరం గూడ తప్పలే" అని వాడి శిక్షణ కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

రూళ్లు నేర్పే ఇన్‌స్పెక్టరు ఆయన. ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి, లేకపోతే ఇదంతా ముసలి చాదస్తం అనుకుంటారు. రైల్వేకు దేశమంతటికీ ఒక రూళ్ల పుస్తకం ఉంది. దాని కింద ఒక్కో ప్రాంతానికి ఒక్కో చిన్న పుస్తకం. దాని కింద ఒక్కో స్టేషనుకు ఒక్కో కాగితం, అద్దం బిగించి గోడకు వేలాడుతుంటుంది. ఆ కాగితం కింద, ఎక్కడా రాయని రూళ్లు. అవి మనుషుల నోళ్లలో ఉంటాయి. మా లైను వాళ్ల నోళ్లలో ఉన్నది అవతలి లైను వాళ్లకు తెలియదు, వాళ్లది మాకు తెలియదు. రెండు లైన్లూ కలవనంత కాలం ఎవరి పొయ్యి వాళ్లది.

మీటరు గేజీ తీసి బ్రాడు గేజీ వేసిన రోజులు నేను చూశాను. పట్టాలను పీకి ఎడంగా బిగించారు, అయిపోయింది. మనుషులను అలా పీకి బిగించడం కుదరదు కదా. తర్వాత చాలా ఏళ్లకు కన్నడం వైపు నుంచి కొత్త లైను వచ్చి గద్వాల దగ్గర మాతో కలిసేటప్పుడు పైనుంచి హుకుం వచ్చింది. ఇకపై రెండు దిక్కులా ఒకే పద్ధతి, ఒకే మాట, అందరికీ మళ్లీ శిక్షణ అని. రాసినవాళ్లకు అది ఒక పేజీ. ఆ పేజీ మోసుకుని ఎండలో పట్టాల వెంట నడిచింది ఈయన. పద్ధతి ఒకటి చేయడమంటే పుస్తకం ఒకటే అచ్చు వేయడమని నమ్మే పెద్దమనుషులను నా జన్మలో చాలామందిని చూశాను. వాళ్లలో ఒక్కడైనా ఒక గేటు దగ్గర ఒక పూట కూర్చున్న పాపాన పోలేదు.

ఆ పుస్తకాన్ని తెలుగు చేసి కూడా పంపారు. నేను బడి మెట్టు ఎక్కనివాడిని. స్టేషన్ బోర్డు మీద మూడు లిపుల్లో రాసిన ఊరి పేరు పోల్చి పోల్చి అక్షరాలు పట్టుకున్నవాడిని. అచ్చు కాగితం కనిపిస్తే వదలను. ఆ తెలుగు పుస్తకం మాత్రం నాకు కొరుకుడు పడలేదు. మేం పుట్టిన నాటి నుంచి గేటు అంటున్నదానికి అందులో ఇంత పొడుగు సంస్కృత మాట ఉంది. నేను చదివి వినిపిస్తే రాములు, "ఇది ఏ గుళ్లె ఉందే?" అని అడిగాడు. సారు విన్నాడు. పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, ఆ హాల్లో కిటికీ తలుపు గాలికి కొట్టుకుంటుంటే దాని కింద అడ్డుగా పెట్టాడు. శిక్షణ ముగిసేదాకా అది అక్కడే ఉంది.

పొట్టి మనిషి. మెడ చుట్టూ తడి రుమాలు. చేతిలో నల్ల గొడుగు. దాన్ని ఎండకు పట్టుకోగా నేను చూసింది తక్కువ. అదే ఆయనకు జెండా, అదే సిగ్నలు, అదే గేటు. గద్వాల స్టేషన్ హాల్లో పాఠం చెప్తూ గొడుగు అడ్డంగా చాపితే, ప్రయాణికులు మూటలతో సహా దాని కింద నుంచి వంగి పోయేవాళ్లు.

మొదటి పాఠం 'సరే' మీద. మా దిక్కు పెద్దవాళ్లు చెప్పిన మాటను తిరిగి అనడం తప్పు. "నీళ్లు తేరా" అని తండ్రి అంటే, "నీళ్లు తేవాల్నా" అన్న కొడుక్కి చెంప పగులుతుంది. వెక్కిరించినట్టు లెక్క. తల వంచి సరే అనాలి, ఇంకా మర్యాద తెలిసినవాడైతే అదీ అనకుండా కదలాలి. ఆ మర్యాదను మేం రైల్వేకు కూడా పట్టుకెళ్లాం. స్టేషన్ మాస్టరు ఫోనులో ఏం చెప్పినా "అయితది సార్" అనేవాళ్లం. ఏది అవుతుంది, ఎలా అవుతుంది అని అడిగినవాడు లేడు. అవతలి కన్నడం వాళ్లూ తక్కువ తినలేదు, వాళ్లది "ఆయ్తు సార్."

"సరే అనేది మాట గాదు, దగ్గు," అనేవాడు సారు.

రాములును లేపి నిలబెట్టాడు. "మూడో పట్టా మీదికి గూడ్సు వస్తుంది. పాయింటు మార్చు."

రాములు చేతులు కట్టుకున్నాడు. "అట్లనే సారూ."

"ఎట్లనే?"

"మీరు జెప్పినట్లనే."

"నేనేం జెప్పిన?"

రాములు నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. "సారూ, నాకు రాక గాదు. గని మీ మాట మీకే జెప్తే మా నాయిన సమాధిలకెల్లి లేచొస్తడు."

"రానీ. ఆయనతోని గూడ జెప్పిస్త."

హాలంతా గొల్లుమంది. సారు నవ్వలేదు. రాములు భుజం మీద గొడుగు కొన ఆనించి, మెల్లగా అన్నాడు. "నాకు నీ భక్తి వద్దు రాములూ. నా మాట నాకు వాపసియ్యి. సరింగ ముట్టిందా లేదా చూసుకుంట."

ఆ పూటంతా రాములుకు చెమటలు. సాయంత్రానికి నోరు తిరిగింది. తిరిగిన నోరు ఇక ఆగలేదు. ఆ రాత్రి ఇంట్లో భార్య "ఉప్పు తక్కువైందా" అంటే "ఉప్పు తక్కువైందా అంటున్నవ్, కరెక్టేనా" అన్నాడట. ఆమెకు రైల్వే మీద పగ అప్పటిది.

డ్యూటీలో ఆగి ఉంటే బాగుండేది. ఆయనకు అది ఒంట్లో ఉంది. బీచుపల్లి ఆంజనేయుడి దర్శనం చేసుకుని వస్తూ కొత్తకోటలో చాయ్‌కు ఆగాం ఒకసారి, ఆయనా నేనూ జీపు డ్రైవరూ. "మూడు చాయ్. ఒక్కటి షక్కర్ లేకుండ. మల్ల జెప్పు" అన్నాడు. ధాబా ఆసామి గల్లా మీంచి తలెత్తి, "ఇంత పెద్ద రోడ్డు, గిన్ని లారీలు పోతయి సారూ. అవి గూడ ఒక్కపారే హారన్ కొడ్తయి" అన్నాడు. కానీ చెప్పాడు, తప్పు లేకుండా చెప్పాడు. తెచ్చింది మాత్రం మూడూ చక్కెర చాయ్‌లే. నేను నవ్వు ఆపుకుంటున్నాను. సారు ఒక గుక్క తాగి మొహం చిట్లించి, "చూసినవా? నోటికీ చెయ్యికీ నడుమ గూడ ఒక స్టేషనుంటది" అన్నాడు.

గద్వాలలో మగ్గాలవాళ్ల ఇంట పుట్టాడు. ఆ ఊరివాడెవడైనా మాటల్లో ఎక్కడో ఒకచోట చీర పోలిక తేకుండా ఉండలేడు, ఈయనా అంతే. నూలు చీరకు పట్టు అంచు కలిపేచోట పోగుకు పోగు ముడి పడాలట. "చినిగేది ఎప్పుడూ ఆడనే. ముడి కాడ చూడుండ్రి" అనేవాడు. రెండు లైన్లు కలిసే చోటు ఆయన లెక్కలో ఆ ముడి. మొదటిసారి విన్నప్పుడు బాగుందనిపించింది. తర్వాత తర్వాత ఆయన "మా ఇంట్ల మగ్గం మీద" అని మొదలుపెట్టగానే రాములు కళ్లు మూసేవాడు.

ఆయన మంచివాడని రాయడానికి కూర్చోలేదు. మొండి మనిషి. ఆయన సంతకం పెట్టనందుకు ప్రమోషన్ పోయినవాళ్లు ఉన్నారు. ఇప్పటికీ తిడతారు, వాళ్ల తిట్టులోనూ న్యాయం ఉంది. ఏ మాటకూ ఆయన దగ్గర తడుముకోకుండా జవాబు ఉండేది. అలాంటి మనిషి నోరు ఒక్కరి ముందే మూతపడింది. ఆ నోరు మూయించింది చెన్నమ్మ.

చెన్నమ్మ మా స్టేషన్ దగ్గరి గేటు మనిషి. ఆమె భర్త మా గ్యాంగులోనే పనిచేస్తూ కామెర్లతో పోయాడు. ఆ ఉద్యోగం ఈమెకు ఇచ్చారు. గేటు పక్కనే గది. ఇద్దరు ఆడపిల్లలు, ఆ గది నుంచే గద్వాల కాలేజీకి ఆటోలో పోయి వచ్చేవాళ్లు. ఇన్నేళ్లలో ఆమె గేటు వేయడం ఆలస్యం చేసిందని ఎవరూ అనలేదు.

గేటు మనిషి దగ్గర రెండంకెల సంఖ్యలు అచ్చు వేసిన కాగితం ఒకటి ఉంటుంది. బండి వస్తోందని స్టేషన్ నుంచి ఫోను రాగానే గేటు వేసి, తాళం పెట్టి, ఆ కాగితంలో తర్వాతి సంఖ్య చదివి చెప్పాలి. చెప్పినదాన్ని కొట్టేయాలి. ఆ సంఖ్య చెప్పడమంటే గేటు వేశాను, పూచీ నాది అని మాట ఇవ్వడం. అది అందితేనే స్టేషన్ మాస్టరు బండిని వదులుతాడు.

చెన్నమ్మ భర్త పేరు ఏడుకొండలు. మా పల్లెల్లో ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. ఆ పేరులోని మాట ఇంకెక్కడ ఎదురైనా దాన్నీ పలకరు. పట్నం పిల్లలు నవ్వుతారు, నవ్వనీ. సంతలో నిమ్మకాయలు ఏరుకున్నా చెన్నమ్మ లెక్క "ఐదు, ఆరు, ఆరు మీదొకటి, ఎనిమిది" అనే నడిచేది. ఫోనులోనూ అంతే. నలభై ఏడు వస్తే "నలభై ఆరు మీదొకటి" అనేది. మా స్టేషన్ మాస్టర్లు నలభై ఏడు అని రాసుకునేవాళ్లు. కొత్త మాస్టరు వస్తే పాత మాస్టరు తాళాలతోపాటు ఈ సంగతి కూడా అప్పజెప్పి వెళ్లేవాడు. ఎక్కడా రాయని రూలు అన్నాను కదా, ఇలాంటిదే అది. ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది.

కొత్త లైను వస్తే ఆ గేటు ఫోను అవతలి స్టేషనుకు కూడా కలుస్తుంది. అక్కడి మాస్టరు కన్నడాయన. చెన్నమ్మ ఎవరో, ఏడుకొండలు ఎవరో ఆయనకేం తెలుసు? పైగా కొత్త పద్ధతిలో సంఖ్యను ఒక్కో అంకెగా విడదీసి చెప్పాలి. ఇదివరకు డెబ్బై రెండు అని దాటిపోయేది ఇప్పుడు 'ఏడు, రెండు' అనాలి. పాత పద్ధతిలో ఎప్పుడో ఒకసారి అడ్డొచ్చే మొగుడు కొత్త పద్ధతిలో అడుగడుగునా ఎదురొచ్చాడు.

శిక్షణ పాసైనట్టు అందరి కాగితాల మీదా సారు సంతకాలయ్యాయి, చెన్నమ్మ మిగిలింది. సంతకం పడకపోతే ఆమెను గేటు నుంచి తీసి గ్యాంగులో వేస్తారు. కంకర ఎత్తాలి. ఆమె మోకాలు అప్పటికే పోయింది. గది ఖాళీ చేయాలి. పిల్లల చదువు ఆ గదితోనే ముడిపడి ఉంది. ఇదంతా సారుకు తెలుసు. తెలిసే వచ్చాడు. అవతలి స్టేషన్ మాస్టరు వేషం కట్టడానికి నన్ను వెంటబెట్టుకొచ్చాడు.

సంఖ్యల కాగితంలో నలభై ఏడు మీద గొడుగు కొన పెట్టాడు. "ఇది జెప్పమ్మా."

"నాలుగు. ఆరు మీదొకటి."

"ఒక్కొక్క అంకె జెప్పాలె. నాలుగు, తర్వాత?"

చెన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆరు, ఒకటి అని రాసుకుంటడు అవతలాయన. అంకెలే మూడైతయి. పరేషాన్ అయితడు. జెప్పు."

"నాతోని కాదు సారూ."

"ఆయన పోయి ఎన్నేండ్లాయె చెన్నమ్మా?"

"పోతే? పోయినోనికి పేరు గూడ పోతదా?"

సారు రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. "పోనీ, హిందీల జెప్పు. సాత్. ఆ మాట ఎవరికన్న తెలుస్తది."

"ఏ భాషల పిలిచినా పలికేది ఆయనే గద."

"కన్నడంల ఏళు అంటరు."

"అది ఆయన తమ్మున్ని పిలిచినట్లుంది సారూ."

నేను నవ్వాను. సారు పెదవి కూడా కదిలింది, వెంటనే బిగుసుకుంది. "నవ్వులాట గాదమ్మా. ఈ గేటు మీదికెల్లి బడి పిలగాండ్లు పోతరు. నువ్వు ఒకటి జెప్పి ఆయన ఒకటి రాసుకుంటే బండికి తెల్వదు, నువ్వు మొగని పేరు అననిదానివని. నేను సంతకం పెట్ట."

"పెట్టకుంటె నన్ను గ్యాంగులేస్తరు."

"ఏస్తరు."

చెన్నమ్మ కొంగు దించింది. ఆమె గొంతు అంత గట్టిగా రావడం నేనెప్పుడూ వినలేదు. "మీ ఇంటామె, మా అక్క, మిమ్ముల పేరు వెట్టి పిలుస్తదా సారూ?"

సారు గొడుగు వైపు చూసుకున్నాడు. పట్టాల వైపు చూశాడు. చివరికి "పిలువదు" అన్నాడు. శిక్షణ కాగితాన్ని సంతకం లేకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆమె పనికిరాదని కూడా రాయలేదు.

పైనుంచి ఫోన్లు మొదలయ్యాయి. నేను పక్కనే ఉండి విన్నవే. ఎవరు మిగిలారు? ఒక్కరు. ఒక్కరి కోసం లైను ఆపుతారా? సంతకం పెట్టేయండి, లేకపోతే ఆమెను తీసి ఇంకొకరిని వేయండి, రెండూ క్షణంలో పనే కదా! ఆ గొంతులో కోపం కూడా లేదు, తొందర తప్ప. నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది అందుకే. ఒక మనిషి బతుకును ఇటు తోయడమూ అటు తోయడమూ వాళ్లకు ఒకటే బరువు. సారు మాత్రం ప్రతిసారీ వాళ్ల మాటే వాళ్లకు తిరిగి చెప్పేవాడు. "సంతకం పెట్టమంటున్నరు, లేకుంటె తీసెయ్యమంటున్నరు. కరెక్టేనా సార్?" అవతల ఫోను పెట్టేసేవాళ్లు.

ఆ మరుసటి వారం మళ్లీ నన్ను జీపెక్కించుకున్నాడు. దారిలో, కిటికీ బయటికి చూస్తూ, తనలో తాను అన్నట్టు మొదలుపెట్టాడు.

"మా ఇంటామెను అడిగిన. నా పేరు ఎప్పుడన్న నోటితోని అన్నవా అని."

"ఏమన్నది?"

"ఒక్కపారి అన్నదట. పెండ్లైనంక మా ఇంటికి వచ్చిన నాడు, గడప కాడ. మా అక్క అడ్డం నిలవడి, పేరు జెప్తెనే లోపటికి అన్నదట. జెప్పి లోపటికొచ్చిన, ఇగ మల్ల ఎన్నడనలే అన్నది." మెడలో రుమాలు సర్దుకుని, "నాకు యాదికే లేదు చూడు. నేను పక్కనే ఉంటి" అన్నాడు.

తెలియనివాళ్లు ఎవరుంటారు? కొత్త జంట గడప దాటేముందు ఆడబిడ్డ చేతులు చాపి అడ్డం నిలబడుతుంది. పెండ్లికూతురు మొగుడి పేరు, పెండ్లికొడుకు పెండ్లాం పేరు చెప్పాలి. చెప్పేదాకా దారి లేదు. జన్మంతా పలకకూడదన్న పేరును ఒక్కచోట మాత్రం పలికి తీరాలని పెట్టింది కూడా మన పెద్దలే.

మేం వెళ్లేసరికి ఏదో బండి వస్తోందని చెన్నమ్మ గేటు వేసి ఉంది. అటు ఒక ఆటో నిండా పత్తి ఏరడానికి పోయే ఆడవాళ్లు, ఇటు ఒక ట్రాక్టరు. బండి వెళ్లిపోయింది. చెన్నమ్మ జెండా చుట్టుకుంటూ, గేటు తాళంచెవి కోసం ఫోను ఉన్న గదిలోకి వస్తోంది. సారు గబగబా వెళ్లి ఆ గది గుమ్మంలో నిలబడి, గొడుగు అడ్డంగా పెట్టాడు.

"పేరు జెప్పి లోపటికి రా."

"ఏంది సారూ గిది?"

"సారును గాదు. నేను నీ ఆడబిడ్డను."

రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఇన్‌స్పెక్టరు, మెడలో తడి రుమాలు, గుమ్మానికి అడ్డంగా గొడుగు. ఆటోలో ఆడవాళ్లు ముందు నోళ్లు తెరిచారు, తర్వాత ఒక్కసారిగా పకపకా నవ్వారు. వాళ్లలో పండు ముసలామె ఒకతె బయటికి వంగి, "జెప్పు పిల్లా! ఆడబిడ్డ గట్టిది, ఇడిసేటట్టు లేదు!" అని అరిచింది. "గేటు తెరువుండ్రి, మాకు కూలి పోతది" అని ఇంకొకామె. "ఆమె జెప్పినంకనే" అన్నాడు సారు, కదలకుండా.

చెన్నమ్మకు నవ్వు ఆగడం లేదు. కొంగులో మొహం దాచుకుని, "మీ ఆడబిడ్డ కట్నం నేనియ్యలేను సారూ" అంది.

"కట్నమొద్దు. నేనే సంతకమిస్త."

నవ్వుతూ నవ్వుతూనే ఆమె ఏడుపులోకి దిగింది. ఆటోలోవాళ్లకు అర్థమైంది, నవ్వడం ఆపారు. ట్రాక్టరు వాడు ఇంజను ఆపాడు.

సారు గొంతు తగ్గించాడు. "గేటు గూడ గడపనే చెన్నమ్మా. జెప్తెనే బండి లోపటికొస్తది. గడప కాడ జెప్తే తప్పు లేదు. నేనన్న మాట గాదు, మా ఇంటామె, మీ అక్క, అన్న మాట."

ఆమె ఆ గొడుగును చూసింది. తర్వాత చేత్తో దాని కర్ర పట్టుకుంది, పడిపోకుండా పట్టుకున్నట్టు. "ఏడు" అంది. గాలికి కూడా వినపడనంత మెల్లగా.

"మల్ల జెప్పు," అన్నాడు ఆ కఠినాత్ముడు.

ఆమె ఉరిమి చూసింది. "ఏడు!" అంది, ట్రాక్టరు దాకా వినపడేలా.

సారు గొడుగు ఎత్తాడు. ఆమె లోపలికి వెళ్లింది. ఆ గది గోడకే కాగితం ఆనించి సంతకం పెట్టాడు.

ఒక్క గేటు మనిషి కోసం ఎందుకు ఆలస్యం చేశావో రాసి ఇవ్వమని ఆయనకు పైనుంచి మెమో వచ్చింది. ఏం రాశాడో తెలియదు. గడప అని, ఆడబిడ్డ అని రాయగలడా? రాస్తే చదివేవాడు ఎవడు? కొన్నాళ్లకు రిటైరయ్యాడు. ఇప్పుడు శిక్షణంతా ఫోనులో వీడియో. మా దిక్కు కుర్రాళ్లు చూపించారు. బొమ్మ మాట్లాడుతుంది, చివర్లో వచ్చే ప్రశ్నకు వేలు పెట్టి నొక్కితే చాలు. నోరు విప్పే పనే లేదు. ఆ గేటు కూడా లేదు. పట్టాల కింద నుంచి దారి తవ్వారు, వానొస్తే అందులో నడుము లోతు నీళ్లు. చెన్నమ్మ పని వదిలి ఖిల్లా ఘణపూర్‌లో చిన్న కూతురి దగ్గర ఉంటోందని విన్నాను. గద్వాలలో సారును మోసుకెళ్లేటప్పుడు నేనూ రాములూ వెనక నడిచాం. ఎవరో ఒకాయన దండ వేసి, క్రమశిక్షణకు మారుపేరు అని రెండు ముక్కలు మాట్లాడి కారెక్కాడు. నాకు ఎవరితోనూ వాదించే ఓపిక లేదు. ఇంటికొచ్చి పడుకున్నాను. నిద్ర రాలేదు. కొత్త లైను మీద మొదటి బండి వచ్చిన రోజు కళ్లముందు తిరిగింది.

మధ్యాహ్నం పూట. గూడ్సు. ఇంజనుకు అరటి పిలకలు కట్టి, బంతిపూల దండలు వేశారట, ఫోనులో చెప్పారు. సారు తనకు పని లేకపోయినా వచ్చి, గేటు బయట వేపచెట్టు కింద నిలబడ్డాడు. నేను పక్కన. చెన్నమ్మ గేటు వేసింది. తాళం పెట్టి లాగి చూసింది. గది గుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడి ఫోను తీసింది. తొలి బండికే ఎలా వచ్చిందో గాని, కాగితంలో తర్వాతి సంఖ్యలో ఆ అంకే ఉంది.

"రెండు. ఏడు," అంది.

అవతలి కన్నడాయన గొంతు మాకు బయటికి వినిపించింది. "రెండు, ఏడు." ఆయనకు అవి రెండంకెలు, అంతే.

కాగితం మీద గీత కొట్టి, పచ్చజెండా పట్టుకుని బయటికొచ్చి నిలబడింది. బండి చాలా పొడుగు. దుమ్ముకు ఆమె కళ్లు కూడా ఆర్పలేదు. ఆఖరి పెట్టె దాటి, గార్డు జెండా కనుమరుగయ్యాక, చెన్నమ్మ తన జెండాను చంకలో ఇరికించుకుంది. కళ్లు మూసుకుని, రెండు చేతులతో రెండు చెంపలూ మెల్లగా వేసుకుంది.

సారు దగ్గరికి వెళ్లాడు. "ఎందుకమ్మా? రూలు ప్రకారమే జెప్పినవ్ గద."

"రూలు మీది సారూ. చెంపలు నావి," అంది చెన్నమ్మ.

తాళం తీసి గేటు ఎత్తింది.